తొర్రకు తలుపేసుకున్న పిట్ట

అడవిపిట్ట సంసారాన్ని ఒంటిచేత్తో కాపాడిన మనిషిగా అమలాపురంలో సగం ఊరికి నేను తెలుసు. మిగతా సగం ఇంకా నాకు దొరకలేదు.

ఆ పిట్ట హార్న్‌బిల్. వంకర ముక్కు, దాని మీద చిన్న కొమ్ము. ఎక్కువగా పళ్ళే తిని బతుకుతుంది. పెద్ద తొర్ర ఉంటే తప్ప గుడ్లు పెట్టదు. తొర్రల చెట్లన్నీ కోతమిల్లులకు పోయాక మావైపు కనిపించడమే మానేసింది. అలాంటిది రెండేళ్ళ కిందటి వేసవిలో ఒక జంట మా కొబ్బరితోట గట్టు మీది ముసలి మామిడికి వచ్చింది. పది రోజులకు ఒక్కటే కనిపించసాగింది.

ఆ వారమే దింపు. కాయలు దింపడానికి కొబ్బరిచెట్టెక్కిన మనిషి పైనుంచే కేకేశాడు.

"బాబాయిగారండీ, మామిడి తొర్ర మట్టితో మూసుకుపోయిందండి! లోపల పిట్టేదో కదులుతోందండి!"

"అయ్యో, చిక్కుకుపోయినట్టుంది. కత్తితో ఆ పెచ్చు ఊడగొట్టెయ్, పుణ్యముంటుంది," అన్నాను.

అతను దిగి, మామిడెక్కి, కత్తి ఎత్తాడు. వంటింట్లోంచి మా ఆవిడ అట్లకాడతో పరుగెత్తుకొచ్చింది.

"ఆగు నాయనా! ఏవండీ, మీకు కళ్ళున్నాయా? మగపిట్ట మేడిపళ్ళు తెచ్చి ఆ మట్టిలో వదిలిన సందులోంచి అందిస్తంది. అది పురిటిగదండీ. తలుపు తనే వేసుకుంది."

"నీకెలా తెలుసు?"

"వారం నించీ గిన్నెలు తోముతా చూస్తన్నాను. మొగుడు పళ్ళు తేవడం వింతగా ఉండి చూసేను లెండి."

చెట్టు మీది మనిషి నవ్వాపుకోలేక కొమ్మ పట్టుకున్నాడు. కత్తి మొలలోకి వెళ్ళిపోయింది.

ఆ పెచ్చు ఊడితే గుడ్లు కాకులపాలయ్యేవి. లోపలి తల్లి ఈకలు రాల్చుకుని ఉంటుందట, ఎగిరిపోవడానికీ లేదు. ఈ సంగతి తర్వాత చూడవచ్చిన అటవీశాఖవాళ్ళు చెబితేనే నాకు తెలిసింది.

పిల్లలు బయటికొచ్చినప్పుడు చెట్టు కిందే ఉన్నానని అందరికీ చెబుతాను. నిజానికి భోంచేసి గుర్రుపెడుతున్నాను. చూసిందీ ఆవిడే.

ఎవరొచ్చినా కథ నేనే చెబుతాను. కత్తిని ఆపిన ఘట్టం రాగానే ఆవిడ వైపు చూడను. "నిజమేనా పిన్నిగారూ?" అని ఎవరైనా అడిగితే, కాఫీ గ్లాసు అందిస్తూ, "ఆయ్, ఈయనే ఆపేరండి," అంటుంది. నవ్వను కూడా నవ్వదు.

ఈ ఏడూ జంట వచ్చింది. మామిడి కొంటామని కోతమిల్లువాళ్ళూ వచ్చారు. అమ్మనని చెప్పి పంపేశాను. ఇది మాత్రం అచ్చంగా నేనే చేశాను. వెనక గుమ్మంలో ఆవిడ అట్లకాడతో నిలబడి ఉందనుకోండి, అది వేరే సంగతి.