టర్కీ కోళ్ళకు వచ్చిన రాజుగారి పేరు

“పేరు పెట్టినవాళ్ళకేం నాయనా, పెట్టేసి ఇంటికెళ్ళి పడుకుంటారు. రోజూ పిలిచి చావాల్సింది నేను కదా! పిలిచేదాని నోట్లో పళ్ళెన్నున్నాయో ఒక్కసారైనా చూడొద్దూ?”

ఇష్ మో అవ్వ సన్నికల్లు ముందు మోకాళ్ళ మీద కూర్చుని, సున్నపు నీళ్ళలో నానిన మొక్కజొన్న నూరుతోంది. రాజుగారి వంటింటికి కోకో లోటాలు తయారుచేసి, వాటి అంచున బొమ్మల అక్షరాలతో పేర్లు రాసేది నేనే. లోటాలు దించడానికి వచ్చిన ప్రతిసారీ ఆమె దగ్గర కాసేపు కూలబడతాను. ఆమె చేతులకు తీరిక ఉండదు, నోటికి అసలే ఉండదు.

“తాజల్ చాన్ కావీల్,” అంది ఒక్కో మాటా పంటి కింద రాయిలా తడుముకుంటూ. “ఆకాశాన దివిటీలా వెలిగే కావీల్ దేవుడట. వాళ్ళ నాన్న పేర్లోనూ కావీలే, తాత పేర్లోనూ కావీలే. ఆ దేవుడికి నుదుట పొగలు కక్కే గొడ్డలి, ఒక కాలేమో పాము. ఉన్న ఒక్క కాలితో ఇంతమంది రాజుల పేర్లలోకి ఎక్కి దిగుతుంటే ఆయనకి మాత్రం నొప్పెట్టదూ?”

నేను చుట్టూ చూశాను. ఎవరూ లేరు.

ఆ తాజల్ చాన్ కావీల్‌కి పాలిచ్చి పెంచింది ఈ అవ్వే. పురిటిలో రాణిగారికి జ్వరం వస్తే, అప్పుడే బిడ్డను కన్న ఇష్ మోను తుంగ చాప మీంచి లేపి తీసుకొచ్చారు. ఏడిస్తే బుగ్గలు రెండూ ఉబ్బేవి కాబట్టి ఆ పిల్లవాడికి ముచ్ అని పేరు పెట్టింది. ముచ్ అంటే కప్ప. ఇరవై రెండేళ్ళు ఊరంతా అలాగే పిలిచింది. తండ్రి పోయాక అతని తలకు రాజపట్టీ కట్టారు. ఆ రోజుతో పాత పేరు దించేశారు. దించిన పేరును ఎవరైనా పలికితే, కొత్త పేరుతో ఎక్కిన దేవుడు అలిగి దిగిపోతాడని మా నమ్మకం.

“మరి నువ్వు పలికావు కదవ్వా?”

“పలకడమా! అదేమన్నా కావాలని చేశానా? పట్టీ కట్టించుకుని మెట్లు దిగుతున్నాడు. జనమంతా నేల మీద సాగిలపడ్డారు. ఆ పట్టీ కంటి మీదికి జారుతోంది. ‘ముచ్చీ, పైకి లాక్కోరా, మెట్టు కనపడక పడతావు’ అన్నాను. పడితే మంచిదా చెప్పు?”

“రెండోసారి?”

“పొరుగూరి రాయబారుల ముందు. చేతులు కడుక్కోకుండా కుడుము తీసుకున్నాడు. నువ్వయితే ఊరుకుంటావా?”

ఆ రెండోసారికే దర్బారు పెద్ద కాన్ సోత్స్ దొర వంటింట్లోకి వచ్చాడు. ఆయన వంటింట్లో అడుగుపెట్టడం అదే మొదలు. పొగకు కళ్ళు నులుముకుంటూనే తీర్పు చెప్పాడు. ఇంకొక్కసారి ఆ పాత పేరు అవ్వ నోట వినపడితే చిత్తడినేల అవతలి పల్లెకు పంపించేస్తారు. మళ్ళీ కోటలో అడుగు పెట్టడానికి లేదు.

“పల్లెకి వెళ్ళడానికి నాకేం భయం లేదు,” అంది అవ్వ, పొత్రం ఆపి. “కానీ అక్కణ్ణుంచి వాడు కనపడడు కదా.”

వెంటనే మళ్ళీ నూరడం మొదలుపెట్టింది.

అందుకని కొత్త పేరు సాధన చెయ్యాలనుకుంది. మనుషుల ముందు చేస్తే నవ్వుతారు. వంటింటి వెనక పదకొండు టర్కీ కోళ్ళున్నాయి, రాజుగారి పేరు చెక్కిన శిలను నిలబెట్టే పండగ విందుకోసం బలుస్తున్నవి. పొద్దున, సాయంత్రం గింజలు చల్లుతూ “తాజల్ చాన్ కావీల్! తాజల్ చాన్ కావీల్!” అని గొంతెత్తి పిలిచేది. నెల తిరిగేసరికి పేరు నోటికి వచ్చేసింది.

“నాకే వచ్చిందనుకున్నాను,” అంది అవ్వ.

శిలను నిలబెట్టిన రోజు నేనూ మైదానంలో ఉన్నాను. పొద్దుటి నుంచే తూర్పున మబ్బులు నల్లగా కమ్మాయి. అయినా రోజులు లెక్కకట్టే పూజారి చెప్పిన రోజు అదే. ఇరవయ్యేళ్ళ లెక్క ఆ రోజుతో ముగుస్తుంది, వానకోసం జరపడానికి వీల్లేదు. రాజుగారు కొత్త శిల ముందు నిలబడ్డారు. కుడిచేతిలో కావీల్ దేవుడి బొమ్మ, దాని పాముకాలే పిడి. ఎడమచేతిలో ధూపపు గింజల సంచీ. మెడలో పచ్చరాళ్ళు, తల మీద బారెడు ఈకలు. మెరుపు మెరిసింది. బొమ్మ గడగడా వణికింది.

“దేవుడు పూనాడని మా పక్కన అందరూ కన్నీళ్ళు పెట్టుకున్నారవ్వా,” అన్నాను.

“పూనింది దేవుడూ కాదు, గీవుడూ కాదు. భయం! ఉరిమితే నా పావడాలో దూరేవాడు నాయనా. పదేళ్ళొచ్చినా అంతే. అలాంటివాడికి ఏరికోరి పిడుగుదేవుడి పేరు పెట్టారు. నేను విందు బుట్టల దగ్గర నిలబడ్డాను. వాడి మోకాళ్ళు నాకు కనపడుతున్నాయి. ‘ముచ్, భయం లేదురా, నేనున్నా’ అని నాలుక చివరి దాకా వచ్చేసింది. కాన్ సోత్స్ దొర నన్నే చూస్తున్నాడు. ఏం చెయ్యను? పక్కనున్న కుడుము తీసి నోట్లో కుక్కుకున్నాను.”

“ఆకుతో సహానా?”

“ఆకు వలిచే సమయమా అది?”

అప్పుడు చాటింపు మొదలైంది. మా ఆచారం ప్రకారం రాజుగారి పేరు నాలుగు దిక్కులకూ తిరిగి నాలుగుసార్లు చాటాలి. తూర్పుకు తిరిగి మొదటిసారి చాటగానే, మెట్ల పక్కన విందుకని కోళ్ళను తోలుకొచ్చి ఉంచిన తీగల దొడ్డిలో పదకొండు తలలు లేచాయి. ఉత్తరానికి తిరిగి చాటగానే దడి ఊగింది. పడమరకు చాటేసరికి దడి లేదు. దక్షిణానికి తిరిగిన చాటింపువాడు నోరు తెరిచాడు. వాడి కాళ్ళ సందులోంచి మొదటి కోడి దూసుకుపోయింది. పేరు సగంలో కీచుమంది.

కోళ్ళు ఎటూ చూడలేదు. తిన్నగా వెళ్ళి రాజుగారి పాదాల దగ్గర ఆగి, తలలెత్తి ముఖంలోకి చూశాయి. అప్పుడే రాజుగారు శిల ముందు ధూపపు గింజలు చల్లాలి. చెయ్యి తనంతట తానే చల్లేసింది. కోళ్ళు ఎగబడి పొడిచాయి, రుచి చూసి ఉమ్మేశాయి, మళ్ళీ తలలెత్తి కోపంగా చూశాయి.

మైదానంలో అందరి చూపూ రాజుగారి మీదే.

రాజుగారి బుగ్గలు ఉబ్బాయి. అంత దూరంలో ఉన్న నాకు కూడా కనపడింది. ఆపుకోలేక ఫక్కున నవ్వారు. సరిగ్గా ఆ నవ్వు మీదే నెత్తిన పిడుగు పడ్డట్టు ఉరిమింది. జనమంతా ఒరిగిపోయారు, రాజుగారు మాత్రం నవ్వుతూనే నిలబడ్డారు. చేతిలో దేవుడు ఇసుమంతైనా కదల్లేదు.

లెక్కల పూజారి తెలివైనవాడు. “దేవుడి పేరు వినగానే పక్షులే వచ్చి మొక్కాయి! శుభం!” అని అరిచాడు. జనం మళ్ళీ సాగిలపడ్డారు.

“సాయంత్రం కాన్ సోత్స్ దొర వచ్చాడు,” అంది అవ్వ. “‘ఆ కోళ్ళకి ఆ పేరెవరు నేర్పారే ముసలీ?’ అన్నాడు. ‘ఒకరు నేర్పాలా దొరా? దేవుడి పేరు కదా, పుట్టుకతోనే వచ్చుంటుంది’ అన్నాను. ఏమంటాడు? నిలబడి నిలబడి, పొగకి దగ్గుకుంటూ పోయాడు.”

మొక్కిన పక్షులను కొయ్యడం పాపమని పూజారి తేల్చాడు. విందులో అందరూ చిక్కుడు కుడుములే తిన్నారు. ఆ పదకొండింటినీ బతికినంత కాలం మేపే పని ఇష్ మో అవ్వదేనని, ఆమెను కోటలోంచి ఎవరూ కదపకూడదని మర్నాడే రాజుగారి ఆజ్ఞ వచ్చింది.

“ఇంకేం అవ్వా, గండం గడిచింది. పేరూ వచ్చేసింది.”

“వచ్చింది. పొద్దున్నే ఇటుగా వెళ్తాడు. తాజల్ చాన్ కావీల్ అని ఒక్క మాట జారకుండా అంటాను. ‘ఊ’ అంటాడు. అని ఓ క్షణం ఆగుతాడు.” నూరిన పిండిని అరచేతిలో వేసి తట్టింది. “రాణిగారు పోయారు, వాళ్ళ నాన్న పోయాడు. ఇంక ఆ పాత పేరు పిలిచేదాన్ని నేనొక్కదాన్నే కదా నాయనా. నేనూ పిలవకపోతే అదెక్కడికి పోతుంది?”

నేను లోటాలు వరసగా పెట్టసాగాను. అవ్వ ఒకటి అందుకుని అంచు చుట్టూ నేను రాసిన రాజుగారి పేరును తడి వేలితో తాకింది. తర్వాత లోపలికి తొంగి చూసింది.

“అడుగున ఖాళీగా వదిలేశావేం?”

“అక్కడెవరు చూస్తారవ్వా?”

“అక్కడే రాయి. ఓ కప్ప తలకాయ, చిన్నది. బుగ్గలు మాత్రం ఉబ్బించు.”

“కాన్ సోత్స్ దొర చూస్తే నన్నూ చిత్తడినేల దాటిస్తాడు.”

“రాజుగారి లోటాలో ఆయన మూతి పెడతాడా? పైన కోకో, దాని మీద జానెడు నురగ. ఎవరికి కనపడుతుంది?” లోటాను నా చేతుల్లో పెట్టి వేళ్ళు మూసింది. “చిన్నప్పట్నుంచీ సగం తాగి వదిలేసే పాడలవాటు వాడికి. మొత్తం తాగితేనే కనపడేలా, బాగా అడుగున రాసి తీసుకురా. పో, వచ్చే పండగలోపు కావాలి.”