సిరా కడిగే ముందు

బళ్ళారి బజార్లో మాది చిత్తుకాగితాలు కొనే కొట్టు. ఓసారి తెక్కలకోటలో బస్సెక్కితే, పక్క సీట్లో ఒక పెద్దామె ఒళ్లో సంచీ పెట్టుకుని కూర్చుంది. సంచీ నిండా చర్చి పాటల పుస్తకాలు, చెదలు తిన్నవి. పాతబడ్డవాటిని మట్టిలో పాతిపెట్టడం వాళ్ల సంఘంలో ఆనవాయితీ అట. మళ్లీ చెదలకే అప్పజెప్పడానికి ఆమెకు మనసొప్పలేదు. నా వ్యాపారం ఏమిటో తెలుసుకుని అడిగింది.

"మీకిస్తే ఏం చేస్తారప్పా?"

"మిల్లుకి పంపిస్తామమ్మా. ఆడ నానబెట్టి, సిరా కడిగి, గుజ్జు చేస్తారు. జల్లెడ మీద పరిచి ఆరబెడితే మళ్లీ కాగితమైతాది. ముందు కాలంలో పాత గుడ్డలతో చేస్తాండిరి."

"మరి పాటలు యాడికి పోతాయి?"

"సిరాతో పాటే పోతాయమ్మా" అన్నాను, తూకం చెప్పినట్టు.

 ఆమె సంచీలోంచి ఒక పుస్తకం తీసి, "అయితే ఒకసారి పాడి ఇస్తాలే" అని మెల్లగా మొదలుపెట్టింది. బళ్ళారి వచ్చేదాకా పేజీలు తిప్పుతూనే ఉంది. దిగేటప్పుడు సంచీ నా చేతిలో పెట్టింది.

ఇప్పుడు కొట్లో కట్ట బిగించే ముందు, పైనున్న కాగితం ఒకసారి చదువుతాను. చాలావరకు పాత శుభలేఖలే. అయినా పేర్లన్నీ చదువుతాను.