అరచెయ్యి మేస్త్రి

ఆ షెడ్డుకు బోర్డు లేదు, అవసరమూ లేదు. డీజిల్ బండి ఉన్నవాళ్ళెవరినడిగినా "అరచెయ్యి మేస్త్రి దగ్గరికా?" అని వాళ్ళే దారి చూపిస్తారు. ఆయన అసలు పేరు ఇంట్లోవాళ్ళకైనా గుర్తుందో లేదో అనుమానమే. కట్టుకున్న భార్య కూడా తన తమ్ముడితో మాట్లాడేటప్పుడు "మీ మేస్త్రి బావ" అనే అంటుంది.

ఊరికే వచ్చిన పేరు కాదది. బండి షెడ్డులోకి రాగానే ఇంజిన్ వేడెక్కేదాకా నడిపిస్తాడు. నూనె పోసే మూత విప్పి, ఆ రంధ్రం మీద కుడి అరచెయ్యి ఆనించి కళ్ళు మూసుకుంటాడు. అంతసేపూ ఎవరూ దగ్గకూడదు. తర్వాత మూత బిగించి, చెయ్యి గుడ్డకు తుడుచుకుని ఒక్క మాట చెబుతాడు. "రింగులు పోయాయి" అంటే పోయినట్టే. "ఏం లేదు, తీసుకెళ్ళు" అంటే ఆ బండివాడు ఇక బెంగ లేకుండా నిద్రపోవచ్చు.

ఆ చేతికి తెలిసే సంగతి పెద్ద బ్రహ్మవిద్యేమీ కాదు. సిలిండరులో మండిన వాయువంతా పొగగొట్టంలోంచే పోదు. కొంత పిస్టన్ రింగుల సందుల్లోంచి జారి, కింద నూనె ఉండే ఛాంబర్‌లోకి దిగుతుంది. మెకానిక్కులు దాన్ని బ్యాక్ కంప్రెషన్ అంటారు. కొత్త ఇంజిన్‌లోనూ అది కాస్త ఉంటుంది. నూనె తుంపరను వెంటేసుకుని బ్రీదర్ పైపులోంచి బయటికొస్తుంది. దారిలో ఒక డబ్బా నూనెను వడగట్టి కిందికి పంపితే, మిగిలిన వాయువును, ఇంజిన్‌కు గాలి నెట్టే టర్బో మళ్ళీ లోపలికి పీల్చుకుంటుంది. రింగులు అరిగినా, ఆ డబ్బా జిడ్డుతో పూడుకుపోయినా ఇంజిన్ కడుపు ఉబ్బుతుంది. ఉబ్బిన కడుపు ఊరుకోదు, నూనెను టర్బోలోకి తోస్తుంది. అది ముదిరితే ఇంజిన్ డీజిల్‌తో పని లేకుండా తన నూనె తనే తాగి పరుగందుకుంటుంది. అప్పుడు తాళం తిప్పినా ఆగదు.

మూత దగ్గర ఆ వాయువు ఎంత గట్టిగా తంతోందో, ఆగి ఆగి తంతోందో, వరసగా తంతోందో ఆయన చేతికి తెలిసేది. తెలిసేది అంటున్నాను, ఎందుకంటే ఆ చెయ్యి మొద్దుబారి చాలా రోజులైంది.

మొదట చిన్న నట్లు వేళ్ళలోంచి జారిపోయాయి. తర్వాత చొక్కా గుండీలు సతాయించాయి. ఒకరోజు అందరూ టీ గ్లాసులు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంటూ ఊదుకుంటుంటే, ఈయన పొగలు కక్కే గ్లాసును నిమ్మకు నీరెత్తినట్టు పట్టుకుని కూర్చున్నాడు. "మేస్త్రిది ఉక్కు చెయ్యిరా బాబూ" అన్నాడు టీ కొట్టాయన. అందరితోపాటు ఆయనా నవ్వాడు గానీ, గుండెల్లో రాయి పడింది. డాక్టరు షుగర్ ఉందని ఏనాడో చెప్పాడు. గుర్తొచ్చినప్పుడు మాత్ర వేసుకోవడమే ఆయన చేసిన వైద్యం.

చెప్పేస్తే పోయేదేముంది అంటారా? అనడం మనకు తేలికే. లోకంలో అందరికీ రెండు చేతులుంటాయి. ఆయనకు ఉన్నది ఆ ఒక్క అరచెయ్యే. అది పోయిందంటే షెడ్డులో మిగిలేది జిడ్డు చొక్కా వేసుకున్న ఒక ముసలాయన. అందుకే నోరు మెదపలేదు. ఇంజిన్ చప్పుడు వినేవాడు, పొగ రంగు చూసేవాడు, మాటల్లో పెట్టి డ్రైవరు నోటివెంటే సగం సంగతి రాబట్టేవాడు. చివర్లో అలవాటు ప్రకారం చెయ్యి పెట్టి కళ్ళు మూసుకునేవాడు. చెప్పింది చాలాసార్లు నిజమే అయ్యేది. అదే ఆయన కొంప ముంచింది.

కూతురికి ఏదో అనుమానం వచ్చినట్టుంది. ఆమె కూడా ఆ షెడ్డులోనే పని చేస్తుంది. తండ్రి సగం పనులు మెల్లగా ఆమె చేతిలోకి వచ్చేశాయి. ఒకరోజు చెక్క మీద సన్నటి ప్లాస్టిక్ గొట్టాన్ని వంచి బిగించి, సగానికి నీళ్ళు పోసి గోడకు తగిలించింది. దాని చివరను నూనె కొలిచే పుల్ల రంధ్రానికి తొడిగితే, లోపలి ఒత్తిడికి నీళ్ళు ఎంత ఎత్తుకు ఎగబాకాయో కనబడుతుంది.

"ఇంజిన్‌కి బీపీ చూస్తావా అమ్మాయ్?" అన్నాడు మేస్త్రి. షెడ్డంతా గొల్లుమంది. ఆమె గొట్టాన్ని గోడ మీంచి తియ్యలేదు.

ఆ రోజు మధ్యాహ్నం బావమరిది వచ్చాడు. అతను కుట్టుమిషన్ల ఫ్యాక్టరీలో పనిచేసే ఆడవాళ్ళను కొండకు అవతలున్న ఇళ్ళకు దింపే వ్యాను నడుపుతాడు. బావ మాటంటే అతనికి తిరుగులేదు.

"నూనె తగ్గిపోతోంది బావా. బండిలో ఒకటే కంపు, లోపల కూర్చున్నోళ్ళు ముక్కులు మూసుకుంటున్నారు. టర్బో గొట్టం కూడా తడితడిగా ఉంది. కొండెక్కించొచ్చంటావా?"

కూతురు గోడ మీది నీళ్ళ గొట్టం తీసుకొచ్చి పక్కన నిలబడింది. "నాన్నా, ఒక్కసారి ఇది పెట్టి చూద్దాం."

బండ్లు బాగుచేయించుకోవడానికి వచ్చినవాళ్ళు నలుగురైదుగురు చుట్టూ ఉన్నారు. అందరి కళ్ళూ ఆయన మీదే. మేస్త్రి ఆమెవైపు చూడకుండా మూత విప్పి, చెయ్యి పెట్టి, కళ్ళు మూసుకున్నాడు. చేతికి ఏమీ తెలియలేదు. ఇంజిన్ తన్నడం లేదా, తన్నుతున్నా తన చేతికి అందడం లేదా? ఎంతసేపు ఉంచినా ఆ ముడి విడలేదు. పక్కన నిలబడ్డ కూతురు మీద అకారణంగా కోపమొచ్చింది.

"ఏం లేదురా. డబ్బాలో జిడ్డు పట్టుంటుంది, ఆదివారం తీసుకురా, కడుగుదాం. ఇవాళ్టికి వెళ్ళు" అని మూత బిగించేశాడు.

బావమరిది మొహం వెలిగిపోయింది. ఫ్యాక్టరీలో పొద్దుటి షిఫ్టు వదిలే వేళవుతోందంటూ వెళ్ళిపోయాడు.

మేస్త్రి గుడ్డ కోసం చెయ్యి చాచాడు. కూతురు గుడ్డ ఇవ్వలేదు, చెయ్యి పట్టుకుని వెలుతురులోకి తిప్పింది. అరచెయ్యి నిండా నల్లటి వేడి నూనె. మణికట్టు మీదుగా మోచేతిదాకా కారుతోంది. నూనె కింద చర్మం ఎర్రగా కాలి, అప్పుడే పొంగుతోంది.

"నాన్నా, ఇది మంట పుట్టట్లేదా?"

ఇంజిన్ చెప్పాల్సిందంతా చెప్పింది, చెయ్యి పట్టుకుని మరీ చెప్పింది. ఆయనకే వినబడలేదు. కొండదారి, ఆ బండి నిండా ఉండే మనుషులు కళ్ళముందు మెదిలారు. "మీ మామయ్యకు ఫోన్ చెయ్యి" అన్నాడు.

ఎన్నిసార్లు చేసినా ఎత్తలేదు. బండి నడిపేటప్పుడు ఫోన్ ముట్టుకోవద్దని అతనికి బుద్ధి చెప్పింది బావే మరి. ఇక లాభం లేదని స్కూటరు తీస్తుండగా అతనే చేశాడు. మాట కన్నా ముందు ఇంజిన్ అరుపు వినబడింది.

"బావా, ఆగట్లేదు. తాళం తీసి చేతిలో పట్టుకున్నా, అయినా ఆగట్లేదు. దారంతా పొగే."

"జనాన్ని దించావా?"

"దించేశా. బండి న్యూట్రల్‌లో ఉంది."

"బ్రేకు మీద నిలబడు. క్లచ్చి తొక్కి టాప్ గేరెయ్. క్లచ్చి ఒక్కసారిగా వదిలెయ్. భయపడకు, బండి బరువుకి ఇంజిన్ ఆగిపోతుంది, పోతే పోనీ."

గేరు కరకరమంది. పెద్ద కుదుపు చప్పుడు, ఆ తర్వాత నిశ్శబ్దం. చాలాసేపటికి "ఆగింది బావా" అని వినబడింది. అది ఏడుపో నవ్వో చెప్పడం కష్టం.

తండ్రీ కూతుళ్ళు వెళ్ళేసరికి ఆడవాళ్ళు పిట్టగోడ మీద సంచులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. వ్యాను ముందుభాగం నుంచి ఇంకా నీలంపొగ లేస్తోంది. పక్కనే లోయ. మేస్త్రి ఒక్కసారి అటు చూసి తల తిప్పుకున్నాడు.

బావమరిది ఎదురొచ్చాడు. "తప్పు నాదే బావా. నువ్వు బాగుందన్నాక ఊరుకోవచ్చుగా? కొండ కింద ఆగి ఇంకో డబ్బా నూనె పోశాను. ఎక్కువైపోయి ఇలా అయినట్టుంది. నిన్ను అనవసరంగా కంగారు పెట్టాను."

నూనె ఎక్కువైనా ఇంజిన్ ఇలా రెచ్చిపోతుంది, అది నిజమే. ఇంతకన్నా మంచి సాకు వెతికినా దొరకదు. "నీకెందుకురా ఆ తెలివితేటలు" అని ఒక కసురు కసిరితే చాలు, పరువు పదిలంగా ఇంటికొస్తుంది. మేస్త్రి కూతురి మొహం చూడలేకపోయాడు. ఆ క్షణంలో ఆయనకు బతుకు మీదే రోత పుట్టింది.

"నువ్వు పోసిన నూనె కాదురా" అన్నాడు. "నా చేతికి ఏమీ తెలియట్లేదు. ఇవాళ కూడా తెలియలేదు. తెలిసినట్టు చెప్పాను."

బావమరిది ఆ కాలిన చెయ్యి వంక చూశాడు. తిడతాడనుకున్నాడు మేస్త్రి. తిడితే బాగుండుననీ అనుకున్నాడు.

"ఎప్పట్నించి బావా?"

"ఎండలు ముదరకముందు నుంచే."

"మరి అప్పట్నించీ నువ్వు చూసి పంపిన బండ్ల సంగతో?"

మేస్త్రికి ఆ మాట అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. ఒప్పేసుకుంటే భారం దిగుతుందనుకున్నాడు, పాపం. స్కూలు వ్యాను, పాలబండి, ఆసుపత్రి అంబులెన్సు, ఇంకా ఎన్నో. ఒక్కొక్కటే గుర్తుకొచ్చాయి. కూతురు అప్పటికే స్కూలు వ్యాను డ్రైవరు నంబరు కలిపి ఫోన్ చేతికిచ్చింది.

అవతల పిల్లల గోల. ఇప్పుడే బడి దగ్గర ఎక్కించుకుని బయల్దేరానన్నాడు డ్రైవరు.

"బండి పక్కకు తీసి ఆపు. నీ ఇంజిన్ నేను సరిగ్గా చూడలేదు. మళ్ళీ చూడాలి."

డ్రైవరు నవ్వాడు. "భలేవాడివి మేస్త్రీ. నువ్వు చెయ్యి పెట్టి చూసిన బండి, దీనికేమవుతుంది? ట్రాఫిక్‌లో ఉన్నా, పిల్లల్ని దింపాక మాట్లాడతా" అని పెట్టేశాడు.

మేస్త్రి మళ్ళీ చేశాడు. ఫోన్ మోగుతూనే ఉంది.