ముహూర్తం దాటాక ముహూర్తం చెప్పే పెట్టె

కంప్యూటర్ ముందు మనిషి చేతులు కట్టుకుని కూర్చుని, అది ఎప్పుడు కరుణిస్తుందా అని ఎదురుచూసిన కాలం ఒకటుంది. ఆ రోజుల్లో మీట నొక్కి, కాఫీ కలుపుకుని, తాగి, గ్లాసు కడిగి బోర్లించి వచ్చినా తెర మీద ఆకుపచ్చ గీత వెలుగుతూ ఆరుతూ "తొందరేముంది, కూర్చో" అన్నట్టు చూసేది. ఇప్పటి పిల్లలు తెర మీద చక్రం రెండుసార్లు తిరిగితే ఫోన్‌ని సోఫాలోకి విసిరేస్తున్నారు, వాళ్ళకి నా మాట అబద్ధంలా ఉంటుంది. (నా మాటలు చాలావరకు అలాగే ఉంటాయని మా ఆవిడ అంటుంది. కాని ఈ సంగతిలో నేను పెంచి చెప్పింది తక్కువ, మీరు నమ్మరని తగ్గించి చెప్పిందే ఎక్కువ.)

ఎనభైల చివరి మాట. నేను అమెరికాలో, మిషిగన్‌లోని ట్రాయ్ అనే ఊళ్ళో అక్కావాళ్ళ అపార్ట్‌మెంట్‌లో, హాల్లో సోఫా మీద కాపురం ఉండేవాణ్ణి. కార్లకి బ్రేకులు చేసే ఒక కంపెనీలో కొత్త ఉద్యోగం. జీతం రాగానే ఒక హోమ్ కంప్యూటర్ కొని డైనింగ్ టేబుల్ మీద ప్రతిష్ఠించాను. ఆ రోజు నుంచి అక్క, బావగారు, ఆర్నెల్ల వీసా మీద వచ్చిన బావగారి తల్లి, అంటే మా అత్తయ్యగారు, అందరూ కంచాలు ఒళ్ళో పెట్టుకునే భోంచేసేవాళ్ళు. అదే సమయంలో అక్కావాళ్ళు ఆ ఊళ్ళోనే ఇల్లు కొన్నారు. గృహప్రవేశానికి ముహూర్తం కావాలి. అత్తయ్యగారు తెచ్చిన పంచాంగంలో వేళలన్నీ ఇండియా సూర్యుడివి. ట్రాయ్ సూర్యుడి తీరు వేరు (చలికాలంలో ఆయన డ్యూటీకి వచ్చాడో సెలవు పెట్టాడో కూడా తెలిసేది కాదు). మనవాళ్ళలో కొందరు ఆ వేళల్లోంచి తొమ్మిదిన్నర గంటలు తీసేవాళ్ళు, కొందరు పదిన్నర తీసేవాళ్ళు, కొందరు ఏమీ తీయకుండానే పెళ్ళిళ్ళు చేసేశారు.

"ఇక్కడి సూర్యోదయం ప్రకారం లెక్కకట్టే ప్రోగ్రామ్ నేను రాస్తాను" అని ఒక పూట పప్పన్నం కలుపుకుంటూ ప్రకటించాను. కొత్త ఇంట్లో లాండ్రీ పక్కన ఒక చిన్న గది ఉంది. అక్క దాన్ని బియ్యం బస్తాలకీ ఆవకాయ జాడీలకీ అనుకుంటోంది. నేను నాకూ నా కంప్యూటర్‌కీ అనుకుంటున్నాను. బావగారు తీర్పు చెప్పారు.

"శనివారం లంచ్‌కి ఫ్రెండ్స్‌ని పిలుస్తున్నాం. అందరి ముందూ నీ పెట్టె ముహూర్తం చెప్తే ఆ రూమ్ మీ ఇద్దరిదీ. చెప్పకపోతే ఎండలు రాగానే పాత సామాన్లతోపాటు గరాజ్ సేల్‌లో అమ్మకానికి పెట్టేస్తాను."

"నన్ను కూడానా బావగారూ?"

"నిన్నెవరు కొంటారోయ్."

ప్రోగ్రామ్ రాయడం పెద్ద కష్టం కాలేదు. నడవడమే కష్టమైంది. పొద్దున్నే ఇవాళ రాహుకాలం ఎప్పుడని అడిగితే, ఆ రాహుకాలం వచ్చి, కూర్చుని, లేచి వెళ్ళిపోయాక తీరిగ్గా జవాబిచ్చేది. "నిన్న ఎప్పుడు జాగ్రత్తగా ఉండాల్సిందో ఇవాళ చెప్తోంది. మా మేనేజర్ కూడా ఇంతే" అన్నారు బావగారు. నాకు పట్టుదల వచ్చింది. లైబ్రరీకి పోయి, నెమ్మదైన కంప్యూటర్‌ని పరుగెత్తించే మార్గాలున్న పత్రికలన్నీ మోసుకొచ్చాను. పేర్లు పొట్టిగా ఉంటే వేగం వస్తుందని ఒకదాంట్లో ఉంది. నిండుగా, ముచ్చటగా రాసుకున్న పేర్లన్నీ ఒక్కొక్క ఇంగ్లీషు అక్షరానికి కుదించాను. రాహువూ రోహిణీ రేవతీ ముగ్గురూ ఆర్ అనే ఒక్క అక్షరం దగ్గర తోసుకుని, లెక్క ఎవరిదో తెలియకుండా పోయింది. దశాంశాలు మానేస్తే మంచిదని ఇంకొకదాంట్లో ఉంది. మానేశాను. ట్రాయ్‌లో సూర్యుడు రైల్వే గార్డులాగా ప్రతిరోజూ ఠంచనుగా ఏడింటికి రావడం మొదలుపెట్టాడు. తెర మీద అడుగడుగునా వివరాలు చూపించకపోతే తొందరగా కానిస్తుందన్నారు. అదీ చేశాను. ఇక మిగిలింది చల్లదనమని, మూత విప్పి, టేబుల్ ఫ్యాన్ పెట్టి, మార్చి నెల మిషిగన్ గాలికి కిటికీ బార్లా తెరిచాను. "ఒరేయ్, దానికి స్పీడ్ వస్తుందో రాదో గాని అత్తయ్యగారికి న్యుమోనియా వస్తుంది" అని అక్క కిటికీ మూసేసింది.

వింత ఏమిటంటే, నేను చేసిన ప్రతి చికిత్సా ఆ సాయంత్రానికి పనిచేసేది. మర్నాడు ఆఫీసు నుంచి వచ్చి చూస్తే ముందటికన్నా నెమ్మదిగా ఉండేది. నేను వేలు పట్టుకుని ముందుకు లాగుతున్నకొద్దీ ఎవరో చొక్కా పట్టుకుని వెనక్కి లాగుతున్నట్టే. కరెంటుని తిట్టాను, వాతావరణాన్ని తిట్టాను, కంప్యూటర్ అమ్మిన కుర్రాడి ఏడు తరాలనీ తిట్టాను. అత్తయ్యగారు మాత్రం "పోనీలే నాయనా, దాని ఓపికనిబట్టి చేస్తుంది" అని కంప్యూటర్ పక్షాన మాట్లాడేవారు.

శనివారం పొద్దున స్నానం చేసి, విభూతి పెట్టుకుని (ఇంజనీరింగ్‌లో ఇది కూడా ఒక మార్గమే) ఆఖరిసారి రన్ అని కొట్టాను. వంటింట్లో సాంబారు మరిగి, పులిహోర కలిసి, వడియాలు వేగుతున్నా తెర మీద గీత వెలుగుతూ ఆరుతూనే ఉంది. ఆపేశాను. తప్పెక్కడుందో మొత్తం చూద్దామని లిస్ట్ అని కొట్టాను. ఆ రోజుల్లో ప్రోగ్రామ్‌లో ప్రతి లైనుకీ ముందు ఒక నంబరు వేయాలి. మామూలుగా నేను వెయ్యో నంబరు లైను నుంచే చూసుకునేవాణ్ణి, ఎందుకంటే నా ప్రోగ్రామ్ మొదలయ్యేది అక్కడ. పేరూ ఊరూ గొప్పగా వేసుకుందామని దానికి ముందున్న నంబర్లన్నీ ఖాళీగా వదిలాను. ఆ రోజు ఆత్రంలో ఏ నంబరూ చెప్పకుండా మొదటినుంచీ చూపించమన్నాను. తెర మీద శ్రీరామ శ్రీరామ శ్రీరామ అని ఇంగ్లీషు అక్షరాల్లో వరసలు పైకి పాకడం మొదలై, ఎంతకీ ఆగలేదు.

నా వెనక నిలబడ్డ బావగారు నెమ్మదిగా కళ్ళజోడు సవరించుకున్నారు. "ఏమోయ్, ఫ్యాన్ గాలికి దీనికి భక్తి పట్టిందా?"

"అత్తయ్యగారూ" అని పిలిచాను, గొంతు వీలైనంత మర్యాదగా పెట్టుకుని. "ఇదేమిటండీ?"

ఆవిడ చెంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి, తెర చూసి, తన ముగ్గు తాను చూసుకున్నట్టు మురిసిపోయారు. "రామకోటి నాయనా. తెచ్చుకున్న పుస్తకం నిండిపోయింది. కలం పట్టుకుంటే వేళ్ళు లాగుతున్నాయి. ఇదైతే బియ్యంలో రాళ్ళు ఏరినట్టు హాయిగా ఉంది. మీరంతా ఆఫీసులకి పోతే రోజూ కాసిని కొట్టి, నువ్వు నేర్పినట్టే సేవ్ చేస్తున్నాను."

"నేను నేర్పానా?"

"కొన్న కొత్తలో నువ్వే కదూ చూపించావు, ముందు నంబరు వేసి రెమ్ అని కొడితే ఆ తర్వాత ఏం రాసుకున్నా మిషన్ దాని జోలికి రాదని. ఎవరూ జోలికి రాని చోటు ఈ ఇంట్లో ఇంకెక్కడుంది?"

వంటింట్లో అక్క గరిటె చప్పుడు ఆగిపోయింది. నేను మాట మార్చి కంప్యూటర్ కష్టం చెప్పుకొచ్చాను. "జోలికి రాదండీ, కాని వెనక్కి వెళ్ళమన్నప్పుడల్లా ఇది మొదటి లైను నుంచి ఒక్కొక్క గుమ్మం చూసుకుంటూ రావాలి. ఒక్క రోజు లెక్కకే వేలసార్లు వెనక్కి వెళ్తుంది. ప్రతిసారీ మీ రాముళ్ళందరినీ దాటి రావాలంటే దానికి ఆయాసం రాదా? గంటలో జనం వస్తారు. నా గది పోతుంది. ఈ లైన్లు తీసేస్తానండీ."

"ఇండియా వెళ్ళేలోపు కోటి పూర్తి చేస్తానని మొక్కుకున్నాను. మొక్కు మధ్యలో చెరుపుతావా?" అన్నారు ఆవిడ. గది నాకెంతో, కోటి ఆవిడకి అంత. ఇంతలో ఆవిడ కనుబొమలు ముడిపడ్డాయి. "ఉండు. వేలసార్లు దాటుతుందన్నావు. ప్రతిసారీ అన్నిటినీ దాటుతుందా?"

"అన్నిటినీ."

"చదువుకుంటూ దాటుతుందా?"

"చదవదండీ. పక్కనుంచి వెళ్ళిపోతుంది."

"గుడి పక్కనుంచి వెళ్తూ చెంపలు వేసుకున్నవాడికి పుణ్యం రాదా?"

"దానికి చెంపలు లేవమ్మా" అన్నారు బావగారు.

"నీకున్నాయిగా, ఎప్పుడైనా వేసుకున్నావా?" అని ఆవిడ కొడుకుని పక్కకి నెట్టి నావైపు తిరిగారు. "లెక్క కట్టు నాయనా. నువ్వు ఇన్నాళ్ళుగా రోజూ దీన్ని పరుగెత్తిస్తూనే ఉన్నావు. నా కోటి పూర్తయిందేమో చూడు."

కాగితం మీద లైన్లు, లైనుకి పేర్లు, ఎన్నిసార్లు దాటిందో వేసి గుణించాను. నమ్మలేక బావగారికిచ్చాను. ఆయన క్యాలిక్యులేటర్ నొక్కి, నొక్కి, సున్నాలు చూసి గొంతు సవరించుకున్నారు. "కోటి ఎప్పుడో దాటిందమ్మా. కాని తిరిగింది కంప్యూటర్ కదా, పుణ్యం దానికే."

"పురోహితుడు మంత్రం చదివితే పుణ్యం ఎవరికిరా? పీటల మీద కూర్చున్నవాళ్ళకి." ఆ తీర్పుని మా దగ్గరున్న రెండు ఇంజనీరింగ్ డిగ్రీలూ కలిసి ఆమోదించాయి. ఆవిడ మానిటర్‌కి పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి, చెరిపేయడం కాదు, సమర్పించాలన్నారు. ఉన్నదున్నట్టు మొత్తం ఒక ఫ్లాపీలోకి ఎక్కించి ఆవిడ చేతిలో పెట్టాను. ఆ తర్వాత ఒక్క లైను పైన ఉంచి ("శుభమా అని ముహూర్తం చూస్తూ ఆయన్ని పూర్తిగా పంపించేస్తావా?" అన్నారావిడ) మిగిలినవన్నీ తీసేశాను.

లంచ్ వేళకి హాలు నిండింది. రన్ కొట్టాను. అక్క అప్పడాల పళ్ళెం ఈ చివరి నుంచి ఆ చివరికి చేరేలోపు నెలంతా లెక్కకట్టి, ముహూర్తం గురువారం ఉదయమని చెప్పి ఊరుకుంది. ఎవరైనా చప్పట్లు కొడతారని నిలబడ్డాను.

"గురువారమా? వర్కింగ్ డే కదండీ" అన్నారొకరు. "మా ఆవిడకి నైట్ షిఫ్ట్" అన్నారింకొకరు. "దాన్నే అడగండి, వీకెండ్‌లో ఏమైనా ఖాళీ ఉందేమో" అని ఒక ఆంటీ పులిహోర ముద్ద చేత్తో పట్టుకుని సలహా ఇచ్చారు. ఆ పొద్దుటి వేగానికైతే ఆ మాటకి కళ్ళనీళ్ళు పెట్టుకునేవాణ్ణి. ఇప్పుడు అక్కడికక్కడ ఒక లైను చేర్చి, శని ఆదివారాలు తప్ప మిగతా రోజుల్ని పంచాంగంలోంచి ఎత్తేశాను. మజ్జిగన్నంలోకి వచ్చేసరికి ఆదివారం ముహూర్తం దొరికింది. బావగారు చెయ్యి కడుక్కుంటూ, నావైపు చూడకుండా, అక్కతో అన్నారు: "బస్తాలు బేస్‌మెంట్‌లో పెట్టుకుందాం."

వీసా గడువు అయ్యాక అత్తయ్యగారు ఆ ఫ్లాపీని పసుపుగుడ్డలో చుట్టి హ్యాండ్‌బ్యాగ్‌లో పెట్టుకుని వెళ్ళారు. భద్రాచలంలో రామకోటి పుస్తకాలు తీసుకునే చోట అక్కడాయన అటూ ఇటూ తిప్పి చూసి "పుస్తకమేదమ్మా?" అన్నాడట. "ఇదే. అమెరికాలో ఇలాగే ఉంటాయి" అని చేతిలో పెట్టి దణ్ణం పెట్టుకుని వచ్చేశానని ఫోన్‌లో చెప్పారు.

ఆ తర్వాత నేను ఎన్ని ప్రోగ్రాములు రాశానో. కంపెనీలు మారినప్పుడల్లా, యంత్రాలు మారినప్పుడల్లా అవన్నీ చెత్తబుట్ట పాలయ్యాయి. ఆ తొందరలో మొత్తం ఎక్కించడం వల్ల రాముడితోపాటు వెళ్ళిపోయిన ఆ ముహూర్తాల ప్రోగ్రామ్ ఒక్కటి మాత్రం పుస్తకాల కట్టల మధ్య ఎక్కడో భద్రంగా ఉండి ఉంటుంది, ఆర్ దగ్గర తోసుకుంటున్న రాహువుతో, రోహిణితో, రేవతితో సహా. ఫ్లాపీ చదివే యంత్రం ఇప్పుడు ఆ రాముడి దగ్గర తప్ప ఇంకెవరి దగ్గరా ఉండకపోవచ్చు. తీరికున్నప్పుడు తెరిచి చూసి, తప్పులు పక్కనపెట్టి, ట్రాయ్‌లో కిటికీ తెరుచుకుని వణుకుతూ కూర్చున్న ఆ కుర్రాడు పట్టుదల గలవాడేనని అనుకుంటే నాకు చాలు.