కాలువ వస్తుందన్న మాట

సైనికాధికారులకు వీడియో గేమ్‌లతో నిర్ణయాలు తీసుకోవడం నేర్పుతున్నారని ఈమధ్య పేపర్లో చదివాను. డెబ్బైల మొదట్లో బెజవాడలో మాకు ఆ పని ఇసుక బల్ల చేసేది. కాలేజీ కేడెట్లకు శిక్షణ ఇచ్చే రిటైర్డ్ సుబేదారు గారు పాత టేబుల్‌కు నాలుగు వైపులా చెక్కలు కొట్టించి, కృష్ణ ఇసుక పోయించారు. కాలువలకు నీలం రంగు కలిపిన రంపపు పొట్టు, సైనికులకు చింతపిక్కలు.

"వంతెన పేల్చేశారు. ఇప్పుడేం చేస్తావ్?" అని అడిగి వాచీ చూసుకునేవారు. అర నిమిషంలో జవాబు చెప్పాలి.

నేను పది సెకన్లలో చెప్పేవాణ్ణి. ఎన్ని పిక్కలు పోయినా చివరికి గెలిచేవాణ్ణి. అందుకే నన్ను జట్టు నాయకుణ్ణి చేశారు. గవర్నర్‌పేటలో పుట్టి పెరిగిన నాకు కాలువంటే ఆ నీలం పొట్టే.

జట్టులో నా స్నేహితుడిది కంకిపాడులో రైతు కుటుంబం. పోలీసు ఎస్సై కావాలని వాడి పట్టుదల. మా శిక్షణ క్యాంపు చివర ఇచ్చే సర్టిఫికెట్ ఉంటేనే దరఖాస్తుకు బలమని నమ్మకం.

జూన్ మొదట్లో వాళ్ల ఊరి పొలాల్లోనే ఎక్సర్‌సైజ్ పెట్టారు. వేసవంతా ఎండి ఉన్న కాలువ దాటి, అవతలి కొబ్బరితోట పట్టుకోవాలి. కాలువ గట్టు ఎక్కుతుండగా వాడు నా మోచెయ్యి పట్టుకుని మెల్లగా అన్నాడు.

"ఒరేయ్, కాలువ వస్తుందిరా. ఆగుదాం."

"వస్తుందని నాకూ తెలుసు. మ్యాప్ గీసింది నేనేగా."

"అది కాదురా నే చెప్పేది..."

"రైతుగారు కొత్త బూట్లేసుకొచ్చారండోయ్, మట్టంటుకుంటుందని బెంగ!" అన్నాను గట్టిగా. అందరూ నవ్వారు. "ఆర్డరంటే ఆర్డరే. దిగు."

దిగాడు. ఆ ఊళ్లలో కాలువ వస్తుందంటే, పైన లాకులెత్తారు, నీళ్లు వస్తున్నాయని అర్థం. నాకది తెలియదు. తెలుసుకోవడానికి వాడి మాట పూర్తి కానిచ్చి ఉంటే సరిపోయేది.

ముందు ఎండుటాకులు, నురగ వచ్చాయి. చూస్తుండగానే నడుము దాకా నీళ్లు. వాడు మధ్యలో నిలబడి ఒక్కొక్కరినీ గట్టుకు అందించాడు. నన్ను కూడా. చివరికి తను రాబోతుంటే కాలు తూము రాళ్లలో ఇరుక్కుని విరిగింది.

వాణ్ణి ఆసుపత్రిలో చేర్చాక సుబేదారు గారు నన్ను పిలిచారు. "ఆ ఊరివాడే కదయ్యా. నీళ్లొస్తున్నాయని చెప్పలేదా?"

"నీళ్ల మాటే ఎత్తలేదండీ," అన్నాను.

నీళ్లు అన్న పదం వాడు నిజంగానే అనలేదు. ఆ సందులోంచి నేను తప్పించుకున్నాను. వాడు అన్నది నాకొక్కడికే వినిపించింది. నా వెక్కిరింత మాత్రం అందరూ విన్నారు. స్థానికుడై ఉండి హెచ్చరించలేదని రిపోర్టులో రాశారు. వాడి సర్టిఫికెట్ ఆపేశారు. నాది నాకిచ్చారు.

మూడు నెలలకు వాళ్లింటికి వెళ్లాను. కట్టు విప్పేశారు, ఎముక బాగానే అతుక్కుంది. వాళ్లమ్మగారు మజ్జిగ తెచ్చిచ్చి, "మీరెప్పుడొస్తారా అని చూస్తున్నాడు బాబూ," అని లోపలికి వెళ్లారు. నేను సుబేదారు గారితో ఏమన్నానో అప్పుడు వాడితో చెప్పాను.

 "నాకెందుకురా చెప్తావ్? ఏం జరిగిందో నాకు తెలీదా? ఆయనకి చెప్పు, నేనంటే సాకనుకుంటారు. ఎస్సై దరఖాస్తులు పిలిచారు," అన్నాడు.

రేపే వెళ్తానన్నాను. గన్నవరంలో సుబేదారు గారింటికి వెళ్లింది నెల తర్వాత. ఆయన నన్ను తిట్టలేదు. నేను చెప్పినదంతా కాగితం మీద రాసి, కింద సంతకం పెట్టమన్నారు. సర్టిఫికెట్ వచ్చింది కానీ, అప్పటికే దరఖాస్తుల గడువు దాటిపోయింది. మరుసటి ఏడు వాడు ప్రయత్నించలేదు. వ్యవసాయంలో దిగాడు.

ఆ నెల రోజులూ ఏం చేశావని వాడు ఎప్పుడూ అడగలేదు. అడిగితే చెప్పడానికి ఏమీ లేదు. కాలేజీకి వెళ్లాను. రెండు సినిమాలు చూశాను. గన్నవరం బస్సు రోజూ మా వీధి చివరే ఆగేది.