పడుగుకు పూసిన సీరం

ఆ రోజుల్లో నాకు రెండు గట్టి నమ్మకాలుండేవి. లోకంలో ప్రతి బాధకూ ఒక సీసా ఉంటుందని ఒకటి, ఆ సీసా మా కౌంటర్లోనే దొరుకుతుందని ఇంకొకటి. డిగ్రీ అయిపోయి, అనంతపురంలో మొహానికి పూసుకునేవి అమ్మే షాపులో కొత్తగా చేరాను. చేరగానే ట్రైనింగ్ ఇచ్చారు. గ్లిజరిన్ ఉన్న సీరం నీళ్ళు పుట్టించదట, దగ్గర్లో ఉన్న తడిని లాగి చర్మం పైపొరలో పట్టి ఉంచుతుందట. గాలిలో తడి లేకపోతే చర్మం లోపలి తడినే పైకి లాక్కుంటుందట. అందుకని తడి మొహానికే పూసి, ఆ తడి ఆరిపోకుండా పైన క్రీము రాయాలి. ఇదంతా ఊపిరి తీసుకోకుండా అప్పజెప్పేదాన్ని. (విన్నవాళ్ళంతా తల ఊపి, ఇంటికెళ్ళి పొడి మొహానికే పూసుకునేవాళ్ళు. అది వేరే ఏడుపు.)

ధర్మవరంలో మా ఇంట్లో అప్పుడు ఒకటే ధ్యాస, అక్క పెళ్ళిచీర. ఎవరెవరి పెళ్ళిళ్ళకో పట్టు నేసిన నాయన, సొంత కూతురిని మాత్రం తన మగ్గం మీద దిగిన చీరతోనే పీటల మీద కూర్చోబెట్టాలని పంతం పట్టాడు. (అమ్మ పెళ్ళికి అది కుదరలేదు. నేతగాడి పెళ్ళాం నూలుచీరతో తాళి కట్టించుకుంది. ఆ మాట ఇద్దరూ ఎత్తరు.) ముహూర్తం దగ్గర పడుతోంది. ఎండలకు నాయన వేళ్ళు పగిలి, ఆ పగుళ్ళలో పట్టుపోగులు చిక్కుకుంటున్నాయి. నూనె రాసుకుందామంటే పట్టుకు మరక. నూనె లేని మందు నా దగ్గరుంది కదా! సెలవు రోజున సీసా పట్టుకుని గర్వంగా బస్సెక్కాను.

"నాయనా, అన్నం తిని చేతులు కడుక్కున్నాక తుడుచుకోవద్దు. ఆ తడి మీదనే రెండు చుక్కలు పూసుకో. మగ్గం దిగినాక పైన క్రీము రాసుకో. ఇది తడిని పట్టుకుంటాది" అని చెప్పాను.

"తడిని పట్టుకుంటాదా?" నాయన సీసాను వెలుగులో పెట్టి చూశాడు. "బలే వస్తువు తెచ్చినావు పాపా."

ఆ మెచ్చుకోలుకు పొంగిపోయి, పక్క వీధిలో స్నేహితురాలికి చెప్పుకోవడానికి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి నాయన మగ్గం గుంతలో తల పట్టుకుని కూర్చున్నాడు. సీసా దాదాపు ఖాళీ. వేళ్ళు మాత్రం ఎప్పటిలాగే పగిలి ఉన్నాయి.

"యాడ పూసినావు నాయనా?"

"పడుగుకు."

"పడుగుకా!"

"ఎండకు నిలువు పోగులు పుటుక్కు పుటుక్కున తెగుతాండాయి పాపా. తడిని పట్టుకుంటాదని నువ్వే చెప్తివి. నా వేళ్ళదేముందిలే, పడుగు బాగుంటే సాలదా?"

నాకు ఏడవాలో అరవాలో తెలియలేదు. సీరం జిగటకు పోగులన్నీ ఒకదానికొకటి అంటుకుని, దువ్వెన చూడని జడలా ఉన్నాయి.

"గాలిలో తడి ఉంటే కదా అది పట్టుకునేది! ఈడ యాడుండాది తడి? నేను అంత చెప్తిని కదా!"

"నువ్వు చేతులకు చెప్తివి. పడుగుకు చెప్పల్యా."

ఈ మనిషితో వాదించి గెలిచినవాళ్ళు మా వంశంలో లేరు. ఇంతలో అక్క తలుపు దగ్గర నిలబడి, "షాపులో ఒకటి కొందాములే నాయనా" అంది చిన్నగా. నాయన తల ఎత్తలేదు. అప్పటిదాకా ఉన్న కోపం పోయి నాకు భయం పట్టుకుంది.

అమ్మే ముందు కదిలింది. వంటకు దాచిన ట్యాంకరు నీళ్ళ బిందె తెచ్చి నా ముందు దబ్బుమని పెట్టింది. "కొట్లాడింది సాలు. అది నీళ్ళకు పోతాదా, పోదా?"

"పోతాది."

"అయితే గుడ్డలు తడపండి."

నలుగురం పాత మెత్తటి గుడ్డలు తడిపి, గట్టిగా పిండి, పోగుపోగూ తుడిచి విడదీశాం. మిగిలిన నీళ్ళతో అమ్మ గోనెసంచులు తడిపి మగ్గం చుట్టూ వేలాడదీసింది. గదిలో వాన పడ్డ వాసన వచ్చింది. (నిజమైన వాన వాసన ఆ ఏడు మాకు తగల్లేదు.) ఆ చల్లగాలికి పోగులు తెగడం తగ్గింది. సీసా అడుగున మిగిలిన చుక్కలు నాయన తడివేళ్ళకు నేనే పూశాను. క్రీము తీస్తే, "పెండ్లికూతురు నేనా, అదా?" అని గొణిగాడు గానీ చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

చీర ముహూర్తానికి అందింది. కొంగు దగ్గర జానెడు మేర కాస్త బిరుసు. అక్క పెళ్ళిపీటల మీద ఆ చోటునే పట్టుకుని కూర్చుంది. అమ్మ ఆ చీరను చూసిన చూపు నేను ఇప్పటికీ మరిచిపోలేదు.

ఇప్పుడూ అదే కౌంటరు, అదే పాఠం. మొన్న పొద్దంతా ఏసీలో నిలబడి గదికొచ్చి, విసుగులో పొడి మొహానికే సీరం రుద్దుకుని నాయనకు వీడియో కాల్ చేశాను.

"ఏం పాపా, మొగం అట్ల బిగుసుకపోయిండాది? నేను పడుగుకు చేసిన పనే నువ్వు మొగానికి చేస్తివా?"

ఒళ్ళు మండిపోయింది. "నాకే చెప్తావా నాయనా!" అని ఫోన్ పెట్టేసి, మొహం తడుపుకుందామని కుళాయి తిప్పాను. నీళ్ళు రాలేదు. ప్రతి బాధకూ ఒక సీసా ఉంటుందనుకున్న ఆ పిల్ల గుర్తొచ్చి, అద్దంలో నన్ను నేను చూసుకుని, ట్యాంకరు ఎప్పుడొస్తుందో కనుక్కోవడానికి నవ్వుకుంటూ కిందికి దిగాను.