పదిహేను సీట్ల దేశం

నేను ఏ దేశ పౌరుడినో ఆ దేశాన్ని ఇంతవరకు కళ్లతో చూడలేదు. కరీబియన్ సముద్రంలో చిన్న దీవి అది. నేనుండేది అమెరికాలో, వర్జీనియాలోని ఆష్‌బర్న్‌లో. గ్రీన్ కార్డ్ క్యూలో ఏళ్ల తరబడి నిలబడి విసిగిపోయి, డబ్బు కడితే పౌరసత్వమిచ్చే ఆ దీవి పాస్‌పోర్ట్ తీసుకున్నాను. అది ఉంటే సొంత వ్యాపారం పెట్టుకుని అమెరికాలో ఉండిపోయే వీసా వస్తుందని ఏజెంటు చెప్పాడు. ఆఫీస్‌లో ఇద్దరు తీసుకున్నారు, నేనూ తీసుకున్నాను. వట్టి గొర్రెదాటు. ఇండియన్ పాస్‌పోర్ట్ సరెండర్ చేశాక తెలిసింది, పౌరసత్వం కొనుక్కున్నవాళ్లు ముందు మూడేళ్లు ఆ దీవిలో కాపురముంటేనే ఆ వీసాకి అర్హులని. నిబంధన ముందు నుంచీ ఉన్నదే. నేనే చదవలేదు.

ఆ సమయంలోనే నాన్న ఆరునెలలకని వచ్చారు. ముప్పై ఏళ్లు హైస్కూల్లో సోషల్ చెప్పిన మనిషి. ఒక్క ఎన్నికలోనూ ఓటు మానలేదు. ఆయనకు తెలియకుండా దాచాను. నెయిల్ కట్టర్ కోసం డ్రాయర్ వెతుకుతూ ఆ పాస్‌పోర్ట్ ఆయనే చూశారు. విషయమంతా చెప్పాను. తిట్టలేదు. నన్ను ఎదురుగా కూర్చోబెట్టి పాఠం ఒప్పజెప్పించుకున్నారు.

"ఎంతమంది ఎంపీలురా?"

"పదిహేను."

"ప్రతిపక్షం?"

"లేదు. పోయినసారి మొత్తం ఒకే పార్టీకి వచ్చాయి."

"దేశాధినేత ఎవరు?"

ఆ ప్రశ్న రాకూడదనే అనుకున్నాను.

"బ్రిటన్ రాజే నాన్నా. ఆయన తరఫున గవర్నర్ జనరల్ ఉంటాడు."

"ప్రమాణం చేశావా?"

"పేపర్ మీద సైన్ చేశాను."

పక్కూరు షాంటిలీలో పార్సిళ్లు పంపే షాప్‌లో నోటరీ ముందు, ఒక చేతిలో గోంగూర సంచి పట్టుకుని, బ్రిటన్ రాజుకీ ఆయన వారసులకీ విధేయుడిగా ఉంటానని సంతకం పెట్టానని మాత్రం చెప్పలేదు. స్వాతంత్ర్య పోరాటం పాఠం ఆయన ఎన్ని బ్యాచ్‌లకు చెప్పారో! ఆ క్లాసుల్లో ఒకదాంట్లో నేనూ కూర్చున్నాను.

"పోనీ, అక్కడ ఓటైనా ఉందా నీకు?"

"అక్కడ ఉండేవాళ్లకే."

ఇండియాలో ఓటు పోయింది. ఇక్కడ రాలేదు. అక్కడ లేదు. రెంటికి చెడ్డ రేవడి అంటారు, నేను మూడింటికి చెడ్డాను. ఏజెంటు మీద కోపం వచ్చింది, క్యూ మీద వచ్చింది, అన్నిటికంటే నా మీద ఎక్కువ వచ్చింది. ఆయన తిట్టి ఉంటే నాకు కాస్త తేలిగ్గా ఉండేది.

తిరుగు ప్రయాణంలో నాన్నని ఊళ్లో దింపి రావాలి. ఆ ఊరు వెళ్లడానికి ఇప్పుడు నాకు వీసా కావాలి. లాప్‌టాప్ ముందు కూర్చుని అప్లికేషన్ నింపుతున్నాను. నాన్న కుర్చీ పక్కకు లాక్కుని చూస్తున్నారు. ఇండియాలో మిమ్మల్ని ఎరిగినవారి పేరు, అడ్రస్ రాయమని ఒక గడి వచ్చింది.

"నాది రాయరా," అన్నారు నాన్న. "ఎవరైనా అడిగితే, తెలిసినవాడే అని చెప్తాను."